ఇంట్లో పెద్దవాళ్ళకి కేర్‌టేకర్‌ని పెట్టుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఆసుపత్రిలో డిశ్చార్జి కాగితాలు చేతిలో పెట్టేటప్పుడు ఏ మందు ఎప్పుడు వెయ్యాలో చెప్తారు, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలో చెప్తారు. ఇంటికెళ్ళాక మనిషిని మంచం మీద నుంచి బాత్రూమ్‌కి ఎలా తీసుకెళ్ళాలో, స్నానం ఎవరు చేయించాలో, రాత్రి రెండింటికి పక్క తడిస్తే ఎవరు లేవాలో మాత్రం ఎవరూ చెప్పరు. మా నాన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయి, మాట కూడా సరిగ్గా రాని స్థితిలో ఇంటికి తెచ్చుకున్నప్పుడు మాకూ ఏం చెయ్యాలో తెలియలేదు. మర్నాడే కంగారుగా, కేర్‌టేకర్లని పంపే ఒక బ్యూరోకి ఫోన్ చేసి మనిషిని తెప్పించుకున్నాం. వచ్చిన అబ్బాయి మంచివాడే, కానీ పక్షవాతం వచ్చినవాళ్ళని అంతకుముందు ఎప్పుడూ చూసుకోలేదు, మేము ఆ సంగతి అడగలేదు, ఎలా లేపాలో చెప్పనూ లేదు. మంచం మీద నుంచి లేపేటప్పుడు పడిపోయిన చెయ్యే పట్టుకుని లాగాడు. ఆ భుజం నొప్పి నాన్నని నెలల తరబడి బాధపెట్టింది. మనిషి వచ్చాడు కదా అని మనం పక్కకి తప్పుకుంటే ఇలాగే అవుతుంది. మా నాన్న ఎలా లేస్తారు, ఏ వైపు తింటారు, ఏది ఇష్టం, దేనికి భయపడతారు అన్నది ఆ అబ్బాయికి నేర్పాల్సింది మేమే.

అసలు ఎలాంటి మనిషి కావాలో ముందు తేల్చుకోండి. దానికి ఒక రోజంతా పక్కన కూర్చుని గంటగంటకీ ఏం జరుగుతోందో కాగితం మీద రాయండి. ఎన్నిసార్లు లేవాలి, ఎన్నిసార్లు బట్టలు మార్చాలి, తినిపించాలా లేక దగ్గర కూర్చుంటే చాలా, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది. అది చూస్తే పగటి డ్యూటీకి మనిషి కావాలా, రాత్రికి కావాలా, రెండూ కావాలా అన్నది తెలిసిపోతుంది. చాలామంది 24 గంటల మనిషిని అడుగుతారు, కానీ ఎవరూ 24 గంటలు మెలకువగా ఉండలేరు. రాత్రి ప్రతి రెండు గంటలకీ పక్కకి తిప్పాల్సిన పేషెంట్ అయితే ఒక్క మనిషితో కుదరదు. ఇంట్లోవాళ్ళు కొన్ని గంటలు పంచుకోవాలి, లేదా పగటికొకరు రాత్రికొకరు ఉండాలి.

రెండోది, కేర్‌టేకర్ వేరు, నర్సు వేరు. స్నానం, బట్టలు, తిండి, డైపర్ మార్చడం, నడిపించడం, తోడుగా ఉండటం, ఇవి కేర్‌టేకర్ పని. ఇంజెక్షన్లు, సెలైన్, ముక్కు పైపు వెయ్యడం, యూరిన్ పైపు మార్చడం, లోతుగా ఉన్న పుండ్లకి డ్రెస్సింగ్, ఇవి ఏఎన్‌ఎం గానీ జీఎన్‌ఎం గానీ చదివిన నర్సు చెయ్యాల్సినవి. కొంతమంది కేర్‌టేకర్లు ఇవి కూడా మాకొచ్చు అంటారు, వాళ్ళకి నిజంగా చెయ్యి తిరిగి ఉండొచ్చు కూడా, కానీ ఏదైనా తేడా వస్తే అనుభవించేది మంచం మీదున్న మనిషి. రోజంతా నర్సు అక్కర్లేని ఇంట్లో కేర్‌టేకర్‌ని పెట్టుకుని, పైపులు మార్చాల్సిన రోజున మాత్రం నర్సుని పిలిపించుకుంటే సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది.

బ్యూరోతో మాట్లాడేటప్పుడు మొహమాటపడకండి. ఇలాంటి పేషెంట్‌ని ఇంతకుముందు చూసుకున్నారా, ఎన్నాళ్ళు చూసుకున్నారు, వాళ్ళ ఇంటివాళ్ళతో ఒకసారి ఫోన్లో మాట్లాడొచ్చా? బరువెంత అని కూడా మీరే చెప్పండి, 80 కిలోల పెద్దాయన్ని సన్నగా ఉన్న అమ్మాయి ఒక్కతే ఎత్తలేదు. మేము కట్టే డబ్బులో ఆ మనిషి చేతికి ఎంత వెళ్తుంది అని తప్పకుండా అడగండి. కొన్నిచోట్ల నెలకి మనం కట్టేదానిలో పెద్ద భాగం బ్యూరోకే పోతుంది, అందుకే మనుషులు నెల తిరక్కుండా మారిపోతుంటారు, మారిన ప్రతిసారీ కొత్త చేతులకి అలవాటు పడాల్సింది మన పెద్దవాళ్ళే. అడ్వాన్స్ తిరిగిస్తారా, మనిషి మానేస్తే ఎన్ని రోజుల్లో ఇంకొకరిని పంపుతారు, వారానికి సెలవు ఉందా, పండక్కి ఏం చేస్తారు, ఇవన్నీ కాగితం మీదో, కనీసం వాట్సాప్‌లోనో రాయించుకోండి. ఆధార్ కాపీ, ఊళ్ళో వాళ్ళింటి ఫోన్ నంబరు తీసుకుని, మీ పోలీస్ స్టేషన్‌లో వెరిఫికేషన్‌కి ఇవ్వండి. ఇది వాళ్ళని అవమానించడం ఏమీ కాదు, ముందే మామూలుగా చెప్పేస్తే ఎవరూ తప్పుగా అనుకోరు. నగలు, చెక్ బుక్కులు, ఇంటి కాగితాలు తాళం వేసి పెట్టుకోండి. ఏదైనా కనపడకపోతే అనుమానం ముందుగా పోయేది ఆ మనిషి మీదికే, ఆ పరిస్థితి రాకుండా చూడటం వాళ్ళకీ మంచిది.

ఇంకో మాట, పెద్దవాళ్ళని కూడా అడగండి. అమ్మకి మగవాళ్ళు స్నానం చేయించడం ఇష్టం ఉండదు, చాలామంది నాన్నలకి ఆడవాళ్ళు చేయించడం ఇష్టం ఉండదు. మాట రాకపోయినా కళ్ళతో, చేత్తో చెప్తారు. మా నాన్న మొదటి వారం స్నానమంటే మొహం తిప్పుకునేవారు, మేము మొండితనం అనుకున్నాం. తలుపు తెరిచి ఉంచి చేయిస్తున్నారని, హాల్లోకి కనిపిస్తోందని ఆయన బాధ. తలుపు వెయ్యడం మొదలుపెట్టాక ఏ గొడవా లేదు.

మనిషి వచ్చిన మొదటి రెండు రోజులు, సెలవు పెట్టైనా సరే, మీరు ఇంట్లోనే ఉండండి. పక్కనే ఉండి ఒక్కో పనీ మీరు ఒకసారి చేసి చూపించండి, తర్వాత వాళ్ళు చేస్తుంటే చూడండి. మంచం పక్క గోడకి ఒక కాగితం అంటించండి, పెద్ద అక్షరాలతో, తెలుగులో. కేర్‌టేకర్‌కి చదవడం రాకపోతే బొమ్మలు వేసి, మాట్లాడి ఫోన్లో రికార్డు చేసి ఇవ్వండి. మా ఇంట్లో కాగితం మీద ఇలా ఉండేది: కుడి చెయ్యి పట్టుకుని లాగొద్దు. ఎడమ వైపు నుంచే లేపాలి. నీళ్ళు చెంచాతోనే. టిఫిన్ ఎనిమిదిన్నరకి, షుగర్ మాత్ర దానికి ముందు. పేపర్ చదివి వినిపించాలి, సినిమా పేజీ వద్దు. కోపం వస్తే కాసేపు ఒంటరిగా వదిలెయ్యాలి. కింద నలుగురి ఫోన్ నంబర్లు. పేపర్ గురించి, కోపం గురించి రాసిన వాక్యాల వల్ల ఎంత ప్రయోజనం కలిగిందో మాటల్లో చెప్పలేను, వచ్చిన ప్రతి మనిషీ ఆ కాగితం చదివి నాన్నని ఒక రోగిలా కాకుండా పెద్దాయనలా చూడటం మొదలుపెట్టేవాళ్ళు.

ఇప్పుడు లేపడం, కూర్చోబెట్టడం గురించి. దెబ్బలు ఎక్కువగా తగిలేది ఇక్కడే, లేపేవాళ్ళ నడుములు పోయేది కూడా ఇక్కడే. పడుకున్న మనిషిని ఒక్కసారిగా నిలబెట్టొద్దు. ముందు పక్కకి తిప్పి, కాళ్ళు మంచం కిందికి దించి, మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చోనివ్వాలి, బీపీ పడిపోయి కళ్ళు తిరిగేది ఈ సమయంలోనే. పాదాలు నేలకి ఆనాలి, కాళ్ళకి జారని చెప్పులుండాలి. చంకల కింద చేతులు పెట్టి ఎత్తడం, చెయ్యి పట్టి లాగడం రెండూ తప్పే. నడుముకి కట్టే వెడల్పాటి బెల్టు మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, అది పట్టుకుని లేపాలి. కేర్‌టేకర్ ఎదురుగా నిలబడి, తన మోకాలు పేషెంట్ బలహీనమైన మోకాలికి ఆనించి, తన మోకాళ్ళు వంచి, ఒకటీ రెండూ మూడూ అని పైకి చెప్పి లేపాలి. లెక్క వింటే పేషెంట్ కూడా తన బలం కలుపుతారు. వీల్ చైర్ బాగున్న వైపు పెట్టాలి, బ్రేకులు వెయ్యాలి, పాదాలు పెట్టుకునే పలకలు పక్కకి తిప్పాలి. నడిపించేటప్పుడు మాత్రం బలహీనమైన వైపు, ఒక అడుగు వెనకగా నడవాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, తీసేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. ఇవన్నీ ఫిజియోథెరపిస్ట్ ఒక్క గంటలో నేర్పిస్తారు, కాబట్టి కొత్త మనిషి వచ్చిన వారంలోనే ఒకసారి ఫిజియో వాళ్ళని పిలిపించి కేర్‌టేకర్‌కి నేర్పించండి. ఆ ఫీజుకి వెనకాడొద్దు.

స్నానానికి ముందు అన్నీ దగ్గర పెట్టుకోవాలి, సబ్బు మర్చిపోయానని తడి ఒంటితో ఒంటరిగా వదిలి వెళ్ళకూడదు. నీళ్ళ వేడి మోచేత్తో చూడాలి. స్పర్శ తగ్గినవాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి కాలినా తెలియదు, అందుకే ఆ వైపు వేడినీళ్ళ బ్యాగు పెట్టడం అసలు మానెయ్యండి. బాత్రూమ్‌లో ప్లాస్టిక్ కుర్చీ వెయ్యొద్దు, అది జారుతుంది. కాళ్ళకి రబ్బరు ఉన్న స్నానం కుర్చీ, గోడకి పట్టుకునే కడ్డీ, నేల మీద జారని మ్యాట్, ఈ మూడూ మనిషి రాకముందే పెట్టించండి. పడక మీదే తుడిచేటప్పుడు ముందు మొహం, తర్వాత పైనుంచి కిందికి, మర్మాంగాలు ఆఖరున, వాటికి వేరే గుడ్డ. ఆడవాళ్ళకి ముందునుంచి వెనక్కి తుడవాలి, లేకపోతే యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తుంది. ఒళ్ళంతా విప్పి ఉంచకుండా ఏ భాగం తుడుస్తున్నారో అది మాత్రమే విప్పి, మిగతాది దుప్పటితో కప్పి ఉంచాలి. మడతల్లో, వేళ్ళ సందుల్లో తడి లేకుండా అద్దాలి. పౌడర్ ముద్దలు ముద్దలుగా చల్లితే చెమటకి గడ్డకట్టి చర్మం ఒరుసుకుపోతుంది.

పూర్తిగా మంచం మీదే ఉన్నవాళ్ళకి నడుం కింద, పిర్రల దగ్గర, మడమల మీద పుండ్లు పడకుండా చూడటమే అన్నిటికంటే ముఖ్యం. రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, వెల్లకిలా, ఎడమకి, కుడికి. పూర్తిగా పక్కకి కాకుండా వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా ఉంచితే తుంటి ఎముక మీద బరువు పడదు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడాలి. ఎయిర్ బెడ్ కొన్నాం కదా, తిప్పక్కర్లేదు అనుకుంటారు, అది పెద్ద పొరపాటు, ఎయిర్ బెడ్ మీద కూడా తిప్పాల్సిందే. మనిషిని పైకి జరపాలంటే కింద ఒక దుప్పటి మడత వేసి ఇద్దరు పట్టుకుని ఎత్తి జరపాలి, ఈడిస్తే చర్మం లేచిపోతుంది. రోజూ స్నానం అప్పుడు ఎముకలు ఒత్తుకునే చోట్లన్నీ చూడాలి. ఎర్రగా గానీ నల్లగా గానీ మారి, వేలితో నొక్కితే రంగు మారకపోతే అది పుండుకి మొదలు. అక్కడ నూనె పెట్టి రుద్దొద్దు, రుద్దితే లోపల ఇంకా చెడిపోతుంది. ఆ వైపు బరువు పడకుండా ఉంచి అదే రోజు డాక్టర్‌కి ఫోటో పంపండి. తిప్పిన టైములు రాయడానికి ఒక నోటు పుస్తకం పెట్టండి, ఏమి తిన్నారు, ఎన్నిసార్లు మూత్రం, విరేచనం ఎప్పుడు అయింది, బీపీ ఎంత, అన్నీ అందులోనే. దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న పిల్లలకి ఆ పేజీ ఫోటో తీసి రోజూ వాట్సాప్‌లో పెడితే, ఎలా ఉన్నారు అని పదిసార్లు ఫోన్ చేసి ఇక్కడివాళ్ళని టెన్షన్ పెట్టరు.

తిండి విషయంలో తొందరే ప్రమాదం. పడుకోబెట్టి తినిపించొద్దు, నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక కూడా అరగంట అలాగే ఉంచాలి. గడ్డం కొంచెం కిందికి వంచి మింగమనాలి. చిన్న చెంచా, ఒక ముద్ద మింగాకే ఇంకోటి. పక్షవాతం వచ్చినవాళ్ళకి బుగ్గలో అన్నం ఉండిపోతుంది, చివర్లో నోరు తెరిపించి చూడాలి. అన్నిటికంటే నీళ్ళే ఎక్కువ పొలమారతాయి, ఈ సంగతి చాలామందికి తెలియదు. జావలా చిక్కగా ఉన్నవి తేలిగ్గా దిగుతాయి. తింటున్నప్పుడు దగ్గు, గొంతులో నీళ్ళున్నట్టు మాట తడిగా వినపడటం, కళ్ళలో నీళ్ళు కనపడితే ఆపేసి డాక్టర్‌తో మాట్లాడాలి, ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. ముక్కు పైపు ఉన్నవాళ్ళకి తల వైపు ఎత్తి ఉంచి, పైపు మీద గుర్తు జరగలేదని చూసుకున్నాకే పొయ్యాలి, ముందూ వెనకా కొంచెం నీళ్ళు పొయ్యాలి. పైపు జరిగినా ఊడినా తిరిగి లోపలికి తొయ్యొద్దు, నర్సుని పిలవాలి. మాత్రలన్నీ పొడి చేసి కలిపెయ్యకండి, కొన్ని మాత్రలు అలా నలిపితే పని చెయ్యవు, కొన్ని ప్రమాదం, మందుల షాపులో అడిగి ఏవి నలపకూడదో వాటి మీద గుర్తు పెట్టండి. యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, నేలకి తగలకూడదు, మంచం మీదికి ఎత్తి పెట్టకూడదు.

కేర్‌టేకర్‌కి ముందే చెప్పాల్సిన ప్రమాద సూచనలు కొన్నున్నాయి. మూతి పక్కకి పోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది కనపడినా అయ్యగారు వచ్చాక చెప్దాం అని ఆగకుండా వెంటనే 108కి చెయ్యాలి, ఎప్పుడు మొదలైందో టైము గుర్తుపెట్టుకోవాలి. ఇవి పక్షవాతం లక్షణాలు, మెదడులో అడ్డుపడిన రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే సాధారణంగా నాలుగున్నర గంటల లోపే. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు పడి తలకి దెబ్బ తగిలితే పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నిన్నటిదాకా బాగా మాట్లాడిన పెద్దావిడ ఈరోజు సంబంధం లేకుండా మాట్లాడుతుంటే వయసు అనుకోకండి, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, ముఖ్యంగా మూత్రంలో.

వచ్చిన మనిషిని ఎలా చూసుకోవాలి అనేది కూడా ఇందులో భాగమే. మన ఇంట్లో తిన్నదే వాళ్ళకీ పెట్టండి, వేరే గ్లాసు, వేరే కంచం వద్దు. పడుకోవడానికి మంచం, ఫ్యాను, తలుపు వేసుకుని బట్టలు మార్చుకునే చోటు ఉండాలి. పగలు రెండు గంటలు పూర్తిగా వాళ్ళవి. గిన్నెలు, బట్టలు, పిల్లల్ని స్కూల్ బస్ ఎక్కించడం లాంటివన్నీ మెల్లగా వాళ్ళ నెత్తిన పెట్టొద్దు, అప్పుడు తిప్పాల్సిన టైముకి తిప్పేవాళ్ళుండరు. జీతం తేదీ దాటనివ్వకండి. గ్లౌజులు, సబ్బు, మాస్కు మనమే కొనివ్వాలి.

నమ్మకం ఉండాలి, కానీ చూస్తూ కూడా ఉండాలి. హాల్లో కెమెరా పెడితే పెట్టానని చెప్పి పెట్టండి, బట్టలు మార్చే చోట మాత్రం వద్దు. చెప్పకుండా అప్పుడప్పుడు మధ్యాహ్నం ఇంటికి రండి. కారణం తెలియని గాయాలు, ఒక మనిషి గదిలోకి రాగానే ముడుచుకుపోవడం, ఎప్పుడు చూసినా మత్తుగా ఉండటం, బరువు తగ్గడం కనపడితే వెంటనే ఆ మనిషిని మార్చండి, తర్వాత విచారించండి. దాడి, దోపిడీ లాంటివైతే పోలీసులకి చెప్పండి. పెద్దవాళ్ళ సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14567 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఖర్చు గురించి కొన్ని సంగతులు. 70 ఏళ్ళు నిండిన అందరికీ 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యం ఉంది, కానీ కేర్‌టేకర్ జీతం అందులోకి రాదు. అందుకే పింఛనుకి కావాల్సిన వైకల్య సర్టిఫికెట్ (సదరం) కోసం ఆలస్యం చెయ్యకుండా అప్లై చెయ్యండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకి 6,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికో వీల్ చైర్‌కో పరిమితమైనవాళ్ళకి 15,000 పింఛను, తెలంగాణలో 2023 జులైలో దివ్యాంగుల పింఛను 4,016 చేశారు. అర్హతలు చూసుకుని దరఖాస్తు పెట్టండి. పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళకి, తమ మీద ఆధారపడిన దివ్యాంగులైన తల్లిదండ్రుల పేరుతో ఆదాయంలోంచి 75,000, వైకల్యం 80 శాతం, అంతకంటే ఎక్కువైతే 1,25,000 మినహాయింపు ఉంది, మీ ఆడిటర్‌ని అడగండి. నయం కాని దశకి చేరిన క్యాన్సర్ లాంటి జబ్బుల్లో నొప్పి ఎక్కువగా ఉంటే, బాధ తగ్గించి చూసుకునే పాలియేటివ్ కేర్ గురించి జిల్లా ఆసుపత్రిలో అడగండి, తెలంగాణలో ఆలన పేరుతో టీములు ఇంటికే వచ్చి చూస్తాయి.

సంక్రాంతికి, దసరాకి ఊరెళ్ళని కేర్‌టేకర్ దొరకరు, ఆ వారంలో బ్యూరోలో అడిగినా మనుషులు ఉండరు. నెల ముందే తేదీలు అడిగి, ఆ రోజులు ఇంట్లోవాళ్ళు పంచుకోవాలి. డబ్బు పంపే అన్నయ్యో తమ్ముడో కూడా ఆ వారానికి టికెట్ వేసుకుని వచ్చేలా ముందే మాట్లాడుకోండి. కేర్‌టేకర్ బస్సెక్కే ముందు రోజు మా అన్నయ్యని మంచం పక్కన నిలబెట్టి, గోడ మీద కాగితం చదివించి, నాన్నని ఒకసారి లేపించి, ఒకసారి తినిపించి చూసి, అప్పుడే ఆ అబ్బాయిని పండక్కి పంపేవాళ్ళం.